కడుపునొప్పితో వచ్చే మొదటి సంవత్సరం పిల్లలు



ప్రతి సంవత్సరం కాలేజీలు తెరిచిన రెండు మూడు నెలలకు మా ఓ.పి.లో ఒక రకమైన రోగులు ఎక్కువవుతారు. పదిహేడు, పద్దెనిమిది ఏళ్ల పిల్లలు. మెడలో కాలేజీ ఐడీ కార్డు, కళ్ల కింద నలుపు. కడుపునొప్పి అంటారు, తలనొప్పి అంటారు, మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయంటారు. కొందరు ఏ నొప్పీ చెప్పకుండా నేరుగా మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు.

ఈ సర్టిఫికెట్ సంగతి ముందు చెబుతాము. చాలా ఇంజనీరింగ్ కాలేజీలలో 75 శాతం హాజరు ఉండాలి. కొంచెం తగ్గి 65 శాతానికి పైన ఉన్నవారికి వైద్య కారణం చూపిస్తే మినహాయింపు దొరుకుతుంది. అందుకే ఈ గిరాకీ. రాని జ్వరానికి మేము సర్టిఫికెట్ ఇవ్వము. అయితే అడగడానికి వచ్చిన పిల్లవాణ్ణి కసిరి పంపడం కూడా మానుకున్నాము. "ఆ ఇరవై రోజులు ఏం చేసినవు బాబూ?" అని కూర్చోబెట్టి అడిగితే, సినిమాలకు తిరిగానని చెప్పేవారు కొందరే. గదిలో పడుకున్నానని, లేవబుద్ధి కాలేదని చెప్పేవారు ఎక్కువ. చెప్పిన జ్వరం అబద్ధమే గాని, పిల్లవాడికి బాగా లేదన్న మాట మాత్రం నిజం.

ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాము. నర్సంపేట దాటి ఒక పల్లె. ఇంటర్ వరకు తెలుగు మీడియం, తర్వాత బి.టెక్.లో సీటు వచ్చింది. కడుపునొప్పి అని మూడుసార్లు మా దగ్గరికి వచ్చింది. మూడుసార్లూ గ్యాస్ మాత్రలు ఇచ్చి పంపాము. స్కానింగ్ చేస్తే ఏమీ లేదు. నాలుగోసారి వచ్చినప్పుడు రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.6 అని తేలి, వార్డులో చేర్చాము. ఆ సాయంత్రం మా ఆయమ్మ దుప్పటి మారుస్తూ, "పొద్దున ఏం తిన్నవు బిడ్డా?" అని అడిగింది. అమ్మాయి ఏడ్చింది. ఆ ప్రశ్న మేము మొదటి రోజే అడగవలసింది. అడగలేదు.

హాస్టల్ మెస్సులో ఒక్కతే పోయి కూర్చోవడం ఆమెకు సిగ్గు. "అందరు గుంపులు గుంపులు కూసుంటరు సిస్టర్, నాకు ఒక్కదానికే పోబుద్ధి కాదు" అంది. పొద్దున బిస్కెట్లు, మధ్యాహ్నం ఒక సమోసా, ఎప్పుడో ఒకసారి రాత్రి అన్నం. క్లాసులో పాఠం ఇంగ్లీషులో పరుగెత్తుతుంటే సగం అర్థమయ్యేది కాదు. లేచి అడగడానికి నోరు రాలేదు. మొదటి మిడ్ పరీక్షలో రెండు సబ్జెక్టులు పోయాయి. వాళ్ల నాన్న పత్తి బస్తాలతో ఏనుమాముల మార్కెట్‌కు వచ్చినప్పుడల్లా హాస్టల్ గేటు దగ్గరికి పోయి "మంచిగ చదువుతున్నవా బిడ్డా?" అని అడిగేవాడట. "చదువుతున్న బాపూ" అనేదట. ఆ మాట అన్నప్పుడల్లా కడుపులో మెలిపెట్టేదని మాతో చెప్పింది.

ఆమె ఒప్పుకున్న తర్వాతనే తండ్రిని పిలిపించాము. ఆయన మంచం పక్కన స్టూలు మీద చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. తర్వాత, "పోతే పోయినయి, మల్ల రాస్తవు. అన్నం మానుడేంది బిడ్డా?" అన్నాడు. మేము ఇచ్చిన మందుల కంటే ఆ మాట ఎక్కువ పని చేసిందని మా నర్సులందరి అభిప్రాయం. ఐరన్ మాత్రలు కూడా పని చేశాయనుకోండి.

ఇలా ఎందుకు జరుగుతుందో తల్లిదండ్రులు తెలుసుకోవాలి. మన వరంగల్ చాలాకాలంగా చదువుల ఊరు. 1959లో ఇప్పటి ఎన్.ఐ.టి., అదే సంవత్సరం కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుండి ఎందరో పిల్లలు ఇక్కడికి వచ్చి చదువుకున్నారు. కాని ఇప్పుడు వచ్చే పిల్లలలో చాలామంది ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో గంట కొడితే లేచి, గంట కొడితే తిని, గంట కొడితే స్టడీ అవర్‌లో కూర్చున్నవారు. సెలవు కూడా ఎవరో ఇస్తేనే. ఒక్కసారిగా కాలేజీలో గంట కొట్టేవారు లేరు. ఎప్పుడు పడుకున్నావని అడిగేవారు లేరు. జేబులో ఫోను ఉంది, నెలకింత డబ్బు ఉంది. తొంభై శాతం మార్కులు తెచ్చుకున్న పిల్లవాడికి తన ఆకలి, తన నిద్ర, తన ఖర్చు తాను చూసుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. దానికి తోడు, తన స్కూల్లో మొదటివాడు ఇక్కడ అరవై మందిలో ఒకడు.

ఆదివారం బడిలో దానియేలు కథ అందరం విన్నాము. అతడు కూడా ఇల్లు విడిచి బబులోనుకు పోయిన కుర్రవాడే. మూడేళ్ల చదువు, అదీ తెలియని కల్దీయుల భాషలో. అక్కడ మొదట వచ్చిన చిక్కు తిండి దగ్గరే గమనించండి. అతడు మానేసి పస్తులుండలేదు. తనకు పడేది ఏదో పైవారిని మర్యాదగా అడిగాడు, పది రోజులు చూడమన్నాడు. పైగా ఒంటరిగా లేడు, ముగ్గురు స్నేహితులున్నారు. అడగడం, తినడం, తోడు వెదుక్కోవడం. మా దగ్గరికి వచ్చే పిల్లలలో కొరవడేవి సరిగ్గా ఇవే.

ఇక తిండి సంగతి. తెలంగాణలో సగానికి పైగా ఆడవారికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తం తక్కువ ఉన్నట్టే. అలాంటి పిల్లకు పాఠం తలకెక్కదు, రెండు మెట్లెక్కితే ఆయాసం, ఊరకనే ఏడుపు వస్తుంది. చదువు మీద శ్రద్ధ లేదని తిట్టేముందు ఒక రక్తపరీక్ష చేయించండి. హాస్టల్‌కు పంపేటప్పుడు డబ్బాలో మిక్చరు బదులు పల్లీ పట్టీలు, నువ్వుల లడ్డూలు, ఉడికించుకోవడానికి శనగలు పెట్టండి. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే టీతో వేసుకోకూడదు, టీకి మాత్రకు మధ్య కనీసం గంట ఉండాలి. జామపండో నిమ్మరసమో తోడైతే ఇనుము బాగా ఒంటబడుతుంది. విరేచనం నల్లగా వస్తుంది, దానికి భయపడి మాత్రలు ఆపవద్దు.

హాస్టల్ నీళ్ల వల్ల టైఫాయిడ్, కామెర్లు వస్తాయి. అన్నం చూస్తే వికారం, మూత్రం ముదురు పసుపు, కళ్లు పచ్చబడడం కనబడితే పసరు కోసం ఊరికి పోవద్దు, వాతలు అసలే వద్దు. రక్తపరీక్ష చేయించి, డాక్టరు చెప్పినట్లు విశ్రాంతి తీసుకోవాలి.

ఈ వయసుకు రాత్రి కనీసం ఏడెనిమిది గంటల నిద్ర కావాలి. రెండింటి వరకు ఫోను చూసి ఎనిమిదింటికి లేచే పిల్లవాడికి మొదట పోయేది టిఫిను, తర్వాత మొదటి పీరియడ్, ఆ తర్వాత హాజరు శాతం. సర్టిఫికెట్ కథ అక్కడ మొదలవుతుంది.

ఫోను గురించి తల్లులకు కూడా ఒక మాట. మేము ట్రైనింగ్‌కు వచ్చిన రోజుల్లో ఇంటి మీద బెంగతో స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చేవాళ్లము. ఇంటికి ఇన్‌లాండ్ లెటర్ రాస్తే జవాబు వచ్చేసరికి వారం పట్టేది. ఆ లోపల ఏడుపు తగ్గి, పక్క మంచం అమ్మాయితో స్నేహం కుదిరేది. ఆ రోజులే మంచివని మేము అనము, ఎంతో కష్టపడ్డాము. కాని రోజుకు ఆరుసార్లు వీడియో కాల్ చేస్తే పిల్ల మనసు ఇంట్లోనే ఉండిపోతుంది. పక్క మంచం వైపు తిరగదు. రోజుకు ఒకసారి, ఒక నిర్ణీత వేళకు చేయండి. చేసినప్పుడు "చదువుతున్నావా?" అని మొదలుపెట్టవద్దు. ఆ ప్రశ్నకు అవునన్నదే జవాబు. "ఈ రోజు ఎవరితో కలిసి తిన్నావు?" అని అడగండి. "ఎవరితోనూ లేదు" అన్న జవాబు నాలుగు రోజులు వరసగా వస్తే, ఆదివారం బస్సెక్కి వచ్చి చూడండి.

ఫీజు ఎంత కష్టపడి కట్టామో మాటిమాటికి గుర్తు చేయవద్దు. పిల్లలకు తెలుసు. తెలిసినందుకే సబ్జెక్టు పోయిన సంగతి దాచిపెడతారు. కాలేజీలో చేరేముందే చెప్పి పంపండి: "తప్పితే మళ్లీ రాయొచ్చు. ముందు మాకు చెప్పు."

మొదటి రెండు మూడు వారాల బెంగ మామూలే. కాని నెల దాటినా తగ్గకపోతే, స్నానం, తిండి, క్లాసు అన్నీ మానేస్తే, ఎవరితోనూ మాట్లాడకపోతే, ఇష్టమైన వస్తువులు ఇతరులకు పంచిపెడితే, "నేను లేకుంటేనే మీకు బాగుంటది" వంటి మాట అంటే, ఆ రోజే డాక్టరుకు చూపించండి. "చచ్చిపోవాలని అనిపిస్తుందా?" అని సూటిగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినవారికే పిల్లలు చెప్పుకుంటారు. పిల్లను ఒంటరిగా వదలవద్దు. పత్తి, మిరప పండించే ఇళ్లలో పురుగుమందులు తాళం వేసి, తాళంచెవి పెద్దల దగ్గర ఉంచండి. సెలవులకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు మరీ జాగ్రత్త.

జరగరానిది జరిగితే, కేసవుతుందని భయపడి ఇంట్లోనే గంటలు పోగొట్టుకుంటున్నారు. 2018 నుండి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలా చేసుకున్న మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించి చికిత్స ఇవ్వాలి, శిక్షించకూడదు. వెంటనే 108కి ఫోను చేయండి లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకురండి.

మాట్లాడడానికి మనిషి కావాలనుకునేవారికి 14416 నంబరు ఉంది. 2022లో మొదలైన ఈ టెలి మానస్ సేవ ఉచితం, రాత్రీ పగలూ పని చేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. సీనియర్ల వేధింపు ఉంటే 1800-180-5522కు చెప్పవచ్చు. ర్యాగింగ్ మన దగ్గర 1997 నుండే చట్టరీత్యా నేరం.

సంఘ పెద్దలకు ఒక మనవి. దిగులుతో ఉన్న పిల్లను "విశ్వాసం తక్కువైంది" అని అనవద్దు. ఆ మాట విన్న తర్వాత ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరికి తోడుగా రండి కూడా.

ఆదివారం ఆరాధనలో చివరి బెంచీల మీద కూర్చుని, అయిపోగానే గబగబా వెళ్లిపోయే కొత్త ముఖాలు మీరు చూసే ఉంటారు. వారిలో చాలామంది హాస్టల్ పిల్లలు. కాశిబుగ్గ చుట్టుపక్కల ఉన్న కుటుంబాలు నెలకు ఒక ఆదివారం ఒకరిద్దరిని భోజనానికి పిలవండి. బిర్యానీ వండనక్కరలేదు, పప్పు, ఆకుకూర, ఒక గుడ్డు చాలు. ఆడపిల్లలను ఇద్దరిద్దరుగా పిలవండి, చీకటి పడకముందే హాస్టల్ దగ్గర దించిరండి. మేము పైన చెప్పిన అమ్మాయి ఇప్పుడు రెండో సంవత్సరం. పోయిన ఒక సబ్జెక్టు సప్లిమెంటరీలో గట్టెక్కింది, ఇంకొకటి మిగిలి ఉంది. మొన్న రక్తపరీక్షకు వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 11.4 ఉంది. వెంట మరో అమ్మాయిని తీసుకొచ్చింది. "ఈమె మొదటి సంవత్సరం సిస్టర్, పొద్దున ఏం తింటలేదు" అంది.