వార్తల్లో పదం: ఈ-రక్త్‌కోష్

బ్లడ్ బ్యాంకుల్లోని నిల్వలు, రక్తదాన శిబిరాల వివరాలు, దాతల నమోదును ఒకేచోట అందించే జాతీయ ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-రక్త్‌కోష్. కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని 2016లో ప్రారంభించింది. రక్తాన్ని ఎక్కువ కాలం దాచలేకపోవడమే అసలు చిక్కు. ఎర్రకణాలు గరిష్ఠంగా 42 రోజులు నిలుస్తాయి. ప్లేట్‌లెట్లు సాధారణంగా 5 రోజులే. ఒకసారి రక్తమిచ్చాక పురుషులు 90, స్త్రీలు 120 రోజులు ఆగాలి. అందుకే వందలమంది దగ్గర ఒకేరోజు సేకరించడం కన్నా, ఏ గ్రూపు నిల్వ తగ్గుతోందో చూసి దాతలను విడతలుగా పిలవడం మేలు. కళాశాలలకు సెలవులుండే వేసవిలో శిబిరాలు తగ్గుతాయి. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిన తలసీమియా పిల్లలకు అది గడ్డుకాలం. వారి తల్లిదండ్రులను ప్రతిసారీ దాతల కోసం పరుగులు పెట్టించడం అన్యాయం. నిల్వల లెక్కను ప్రతి కేంద్రం ఎప్పటికప్పుడు సరిచేస్తేనే ఈ వ్యవస్థ వారికి అక్కరకొస్తుంది.