వలయాకార కట్టర్: లోహంలో పెద్ద రంధ్రాలు తొలిచే విధానం - ఒక వివరణ

కీలకపదాలు: రంధ్రం, వలయం, డ్రిల్ బిట్, బిళ్ళ, రజను, భద్రత.

1. ఉపోద్ఘాతం

వడ్రంగి కలపకు బరమాతో బెజ్జం వేసినట్లే, ఇనుముకు మెలికల డ్రిల్ బిట్‌తో రంధ్రం వేయడం పరిపాటి. రంధ్రం వ్యాసం పెరిగేకొద్దీ ఈ పద్ధతిలో శ్రమ, కాలం, యంత్రశక్తి ఎక్కువ అవుతాయి. దీనికి పరిష్కారంగా వచ్చిన పనిముట్టు యాన్యులర్ కట్టర్, అంటే వలయాకార కట్టర్. లాటిన్‌లో ఉంగరాన్ని తెలిపే పదం నుంచి ఈ పేరు ఏర్పడింది. మన దేశంలో దీన్నే 'బ్రోచ్ కట్టర్', 'కోర్ కట్టర్' అని కూడా వ్యవహరిస్తారు. దీని నిర్మాణం, పనితీరు, పరిమితులను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిర్మాణం

ఇది లోపల బోలుగా ఉండే గట్టి ఉక్కు గొట్టం. దీని కింది అంచు చుట్టూ పళ్ళు ఉంటాయి. పక్కలనున్న మెలికల గాడుల గుండా రజను బయటికి వస్తుంది. నడుమ స్ప్రింగు ఒత్తిడితో పనిచేసే పైలట్ పిన్ను ఉంటుంది. అది కట్టర్‌ను గుర్తుమీద నిలుపుతుంది. పళ్ళకు కూలెంట్ అందేలా చేస్తుంది. చివరికి తెగిన బిళ్ళను బయటికి నెడుతుంది.

3. పనితీరు

డ్రిల్ బిట్ రంధ్రంలోని లోహాన్నంతా రజనుగా మారుస్తుంది. పైగా దాని మొన నడిమి బిందువు వద్ద వేగం సున్నా. అక్కడ లోహం తెగదు, నలుగుతుంది. అందుకే అధికమైన ఒత్తిడి అవసరమవుతుంది. వలయాకార కట్టర్ అంచును మాత్రమే కోస్తుంది. ఉదాహరణకు 25 మి.మీ. మందం గల ఉక్కు పలకలో 50 మి.మీ. రంధ్రం వేయాలనుకుందాం. డ్రిల్ బిట్ సుమారు 385 గ్రాముల ఉక్కును రజను చేయాలి. 5 మి.మీ. వెడల్పుతో కోసే వలయాకార కట్టర్ సుమారు 139 గ్రాములనే రజను చేస్తుంది. మిగిలిన 247 గ్రాములు ఒకే బిళ్ళగా ఊడి వస్తాయి. అంటే కోత పని దాదాపు మూడోవంతుకు తగ్గుతుంది.

4. ప్రయోజనం

నిలబెట్టిన ఉక్కు దూలాన్ని కర్మాగారానికి తీసుకురావడం సాధ్యం కాదు. అటువంటి చోట గ్యాస్ మంటతో రంధ్రం చేస్తే అంచులు ఎగుడుదిగుడుగా మారుతాయి; వేడికి గట్టిపడిన అంచు వద్ద పగుళ్ళు మొదలయ్యే అవకాశం ఉంది. ఐ.ఎస్. 800 ప్రమాణం ప్రకారం 20 మి.మీ. బోల్టుకు సాధారణ రంధ్రం 22 మి.మీ. ఈ కొలతను పాటించాలంటే, అయస్కాంతంతో దూలానికి అంటుకునే డ్రిల్ యంత్రానికి ఈ కట్టర్‌ను అమర్చడం తగిన మార్గం.

5. పరిమితులు, జాగ్రత్తలు

పలకను పూర్తిగా దాటని రంధ్రాలకు ఇది పనికిరాదు. బిళ్ళ అడుగున అతుక్కునే ఉంటుంది. ఒకదానిపై ఒకటి పేర్చిన పలకలలో పై బిళ్ళ చిక్కుకుని కోతకు అడ్డుపడవచ్చు. విద్యుదయస్కాంతం గల యంత్రమైతే కరెంటు పోయినప్పుడు పట్టు వదులుతుంది. కనుక యంత్రాన్ని భద్రతా గొలుసుతో కట్టడం తప్పనిసరి. పావుకిలో బరువున్న వేడి బిళ్ళ ఎత్తునుంచి పడితే కింద పనిచేసేవారికి ప్రాణాపాయం. అందువల్ల కింది భాగంలో మనుషులు లేకుండా చూడాలి.

6. ముగింపు

1. వలయాకార కట్టర్ బలం పదునులో కంటే ఆకృతిలో ఎక్కువగా ఉంది.
2. రంధ్రం కోసం లోహాన్నంతా తొలచనక్కరలేదు, చుట్టూ కోస్తే చాలునన్నదే దీని మూలసూత్రం.
3. శ్రమను తగ్గించే ఆ బిళ్ళే ప్రమాదకారణం కూడా. అందుచేత కోత నైపుణ్యంతోపాటు బిళ్ళ ఎక్కడ పడుతుందన్న ఎరుక కూడా పనివారికి అవసరం.