వైఫై రాకపోతే లాప్‌టాప్ పాడైనట్టేనా?

మిక్సీ తిరక్కపోతే మనం వెంటనే షాపుకు పరిగెత్తం. కరెంటుందా, ప్లగ్గు సరిగ్గా ఉందా, జార్ బాగా కూర్చుందా అని వరసగా చూస్తాం. మరి కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి ఈ తెలివంతా ఏమైపోతుంది? ‘ఇది మగపిల్లలు చూసుకునే పని’ అని పక్కకు తప్పుకుంటాం!

విండోస్ 10కు మామూలుగా అందే ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత లాప్‌టాప్‌లున్నవాళ్లు కొందరు లినక్స్ వైపు చూస్తున్నారు. ఫిన్లాండ్‌లో చదువుకుంటూ లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్‌కు డబ్బు కట్టక్కర్లేదు. హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ వాళ్లు దాన్ని తెలుగులోకి కూడా తెచ్చారు.

బనగానపల్లెలో మా ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్‌కూ మా అక్క కొడుకు ఉబుంటు అనే లినక్స్ వేశాడు. వాడున్న రెండ్రోజులూ ఫోన్‌కు వైరు తగిలించి నెట్ నడిపించాడు. వాడు ఊరెళ్లాక చూస్తే వైఫై అన్న మాటే కనిపించలేదు. రిపేరు చేసే అతను “ఇదంతా తుడిచేసి మళ్లీ విండోస్ వేస్తా మేడమ్” అన్నాడు. అందులో మా పొదుపు సంఘం అప్పులు, కంతుల లెక్కలున్నాయి. తుడిచేస్తే అవీ పోవూ?

అక్క కొడుక్కు ఫోన్ చేశాను.

“చిన్నమ్మా, ఎవరికీ ఇయ్యొద్దు. ముందు లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. తర్వాత నేనడిగేవి ఒక్కొక్కటే చూసి చెప్పు.”

“సరే నాయనా, అడుగు.”

వాడడిగినవి నాలుగే ప్రశ్నలు. మీకూ పనికొస్తాయి.

ఫోన్‌కు వైఫై వస్తోందా?
లాప్‌టాప్ పక్కనే ఫోన్ పెట్టి చూడండి. ఫోన్‌కూ రాకపోతే లోపం లాప్‌టాప్‌ది కాదు. రౌటర్ ఆపి, నిమిషం ఆగి మళ్లీ వేయండి. అప్పటికీ రాకపోతే నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లను అడగాలి.

వైఫై ఆపేసి ఉందా?
కీబోర్డు పైవరసలో విమానం బొమ్మ మీట ఉంటుంది. అది నొక్కితే వైఫై ఆగిపోతుంది. కొన్ని పాత లాప్‌టాప్‌లకు పక్కన చిన్న స్విచ్చి కూడా ఉంటుంది. టెర్మినల్ తెరిచి ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ అని కొడితే సంగతి తెలుస్తుంది. ‘సాఫ్ట్ బ్లాక్డ్’ ఎదురుగా యెస్ అనుంటే ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ అని కొట్టాలి. ‘హార్డ్ బ్లాక్డ్’ యెస్ అయితే మాత్రం స్విచ్చో మీటో చేత్తో వేయాల్సిందే.

డ్రైవర్ ఉందా?
మా దాంట్లో ‘వైర్‌లెస్ ల్యాన్’ అన్న వరసే లేదు. అంటే వైఫై చిప్పును నడిపించే డ్రైవర్ లేదన్నమాట. కొన్ని చిప్పుల డ్రైవర్లు లినక్స్‌తో పాటు రావు, విడిగా తెచ్చుకోవాలి. ‘నెట్టే లేకపోతే ఎట్ల తెచ్చేది?’ అంటారా! ఫోన్‌ను ఛార్జింగ్ వైరుతో లాప్‌టాప్‌కు తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ టెథరింగ్’ వేస్తే చాలు, నెట్ వచ్చేస్తుంది. అప్పుడు ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిచి, అది చూపించిన డ్రైవర్ ఎంచుకుని, ఆపి మళ్లీ వేయాలి. మాకు ఇక్కడే పని అయిపోయింది. పైసా ఖర్చు లేదు.

కనెక్టయినా పేజీలు రావడం లేదా?
తేదీ, టైము చూడండి. పాత లాప్‌టాప్‌లో లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, చాలా సైట్లు తెరుచుకోవు. ఇంకోటి, మన గోడలు! మా ఊళ్లో పాత ఇళ్లకు మందపాటి రాతి గోడలు. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే కానీ గోడ దాటేటప్పటికి నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త నెమ్మది, కానీ ఎక్కువ దూరం వస్తుంది. రౌటర్ రెండు పేర్లు చూపిస్తుంటే వంటింట్లో రెండోదే వాడండి.

ఇవన్నీ చూశాక కూడా రాకపోతే నిరభ్యంతరంగా షాపుకు తీసుకెళ్లండి. కానీ లెక్కలూ, ఫొటోలూ ముందే వేరే చోట దాచుకోండి. “ఇక్కడిదాకా నేను చూశాను, డ్రైవర్ సంగతి చూడండి, ఏదీ తుడవొద్దు” అని చెప్పండి. అలా అడిగేవాళ్ల లాప్‌టాప్‌ను ఊరికే తుడిచేయడానికి ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.