సంతకు కొంత.. సొంతానికి కొంత

నాగోల్: ఒక పక్క ఉప్పల్ వద్ద వరంగల్ రోడ్డు. మరో పక్క ఎల్‌బీ నగర్ వద్ద విజయవాడ రోడ్డు. ఈ రెంటినీ కలిపే దారిలో, మూసీ ఒడ్డున ఉంది నాగోల్. ఒకప్పుడిది పల్లె. 2017 నవంబరులో నగరంలో ప్రారంభమైన తొలి మెట్రో మార్గానికి ఒక కొస ఇదే. ఆలేరు, భువనగిరి వైపు నుంచి బస్సెక్కినవారు ఉప్పల్‌లో దిగుతారు. చౌటుప్పల్, పోచంపల్లి, పుట్టపాక వైపు నుంచి వచ్చేవారు ఎల్‌బీ నగర్‌లో దిగుతారు. చీరల మూటతో వచ్చే నేతగాడు, బోర్డులు రాసే పెయింటరు, పెళ్లిళ్లకు ఫొటోలు తీసే కుర్రాడు, జాకెట్లకు మగ్గం పని చేసే అమ్మాయి.. పనిచేతులున్న వాళ్లంతా ఈ చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట కనిపిస్తారు.

వీళ్లందరిదీ కళే. కాని ఆ కళ వేరొకరి మాట మీద నడుస్తుంది. సేటు చెప్పిన డిజైనే నేయాలి. దుకాణందారు అడిగిన రంగే వేయాలి. పెళ్లివారు కోరిన ఫొటోయే తీయాలి. తప్పులేదు, కూలి ఇచ్చేది వాళ్లే. అయితే ఏళ్ల తరబడి అదే పని చేస్తే చెయ్యి అలవాటు మీద పోతుంది, బుర్ర నిద్రపోతుంది. సంత మారిన రోజున ఏం చేయాలో తోచదు. గోడల మీద, రేకుల మీద అక్షరాలు రాసి బతికినవారికి ఫ్లెక్సీలు వచ్చాక ఏమైందో ప్రతి ఊరికీ తెలుసు.

మరి దీనికి మందేమిటి? కూలికి చేసే పనితోపాటు, ఎవరూ అడగకపోయినా తన కోసం తాను చేసుకునే పని ఒకటి ఉండటమే. ఇది తీరిక ఉన్నవాళ్ల ముచ్చట అని కొట్టిపారేసేవారున్నారు. ఆ మాట నిజం కాదనడానికి ఉప్పల్ నుంచి బస్సెక్కితే చేరే షార్జీపేటే సాక్ష్యం.

అమ్మ భుజం నొప్పి

ఆలేరు మండలం షార్జీపేటలో పోచంపల్లి పట్టుచీరలు నేసే కుటుంబంలో పుట్టాడు చింతకింది మల్లేశం. బడి చదువు మధ్యలోనే ఆగింది. ఇంట్లో మగ్గమే బతుకుతెరువు.

పోచంపల్లి చీరకు అందం పూత వల్ల రాదు. నేయకముందే దారాన్ని చిటికి కట్టి రంగులద్దాలి. అలా కట్టాలంటే ముందుగా పేక దారాన్ని ఆసు పోయాలి. అంటే, అర్ధచంద్రాకారంలో గుచ్చిన పుల్లల చుట్టూ దారాన్ని పైకీ కిందికీ ఒకటొకటిగా తిప్పాలి. ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు. ప్రతిసారీ చెయ్యి దాదాపు మీటరు దూరం కదలాలి. దీనికి 4, 5 గంటలు పడుతుంది. లెక్క తప్పకూడదు, దారం తెగకూడదు. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల మీదే పడేది. రోజుకు రెండు చీరలకు మించి చేయలేకపోయేవారు. కొన్నేళ్లు చేసేసరికి భుజాలు, మోచేతులు పట్టేసేవి.

మల్లేశం తల్లి లక్ష్మికీ అదే బాధ. రాత్రి అయితే భుజం నొప్పి. ఇక తనవల్ల కాదని ఆమె అంటుంటే కొడుకు చూస్తూ ఊరుకోలేకపోయాడు. చెయ్యి చేసే ఈ పనిని యంత్రం చేత చేయించలేమా అనే ఆలోచన పుట్టింది. 1992లో పని మొదలుపెట్టాడు. ఇంజనీరు కాడు. గురువు లేడు. చేయమని అడిగినవాడూ లేడు, చేస్తే డబ్బిస్తానన్నవాడూ లేడు.

మగ్గం మీద సంపాదించింది ఇంటికి. మిగిలిన కాలం, మిగిలిన రూపాయి యంత్రానికి. ఒక్కో భాగం చేసుకుంటూ పోయాడు. ఒకటి కుదిరితే మరొకటి కుదిరేది కాదు. ఊళ్లో నవ్వినవారున్నారు. ఉన్న పని చేసుకోక ఈ పిచ్చేమిటని మందలించినవారున్నారు. ఏళ్లు గడిచినా యంత్రం పూర్తికాలేదు. చివరకు పొట్ట చేతపట్టుకుని హైదరాబాద్ వచ్చి, కరెంటు పనుల్లో కూలికి కుదిరాడు.

బాలానగర్‌లో దొరికిన కిటుకు

అసలు విశేషం ఇక్కడే ఉంది. 1999 ఫిబ్రవరిలో బాలానగర్‌లో పని మీద వెళ్లిన చోట ఒక యంత్రం తిరుగుతోంది. అందులో ఒక భాగం కదిలే తీరు మల్లేశం కంటబడింది. తన ఆసు యంత్రంలో ఏళ్లుగా కుదరని కదలిక అదే! ఆ యంత్రం పక్కన రోజూ ఎందరో తిరిగి ఉంటారు. వాళ్లకు అది ఇనుము మాత్రమే. ఏడేళ్లుగా ఒకే ప్రశ్నను మోస్తున్నవాడికి మాత్రం అది జవాబు. పనికి సెలవు పెట్టి ఆ భాగం తయారుచేసుకున్నాడు. ఊరికి తీసుకెళ్లి బిగించాడు. యంత్రం ఆసు పోసింది.

దానికి తల్లి పేరే పెట్టాడు. లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరలో అయిపోతుంది. దగ్గర కూర్చున్నవారు చూసుకుంటే చాలు, చెయ్యి ఊపక్కర్లేదు. తర్వాత పుస్తకాలు చదివి ఎలక్ట్రానిక్స్ కూడా నేర్చుకుని యంత్రాన్ని మెరుగుపరిచాడు. వందల యంత్రాలు చేనేత ఇళ్లకు చేరాయి. బ్రిగేడియర్ పి. గణేశం నడిపే పల్లె సృజన సంస్థ ఈ పనిని బయటి ప్రపంచానికి చూపింది. 2009లో నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ పురస్కారం వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథతో ‘మల్లేశం’ సినిమా వచ్చింది.

ఇందులో గమనించాల్సింది బిరుదులు కాదు. నేతపనిలో ఉన్నాడు కనుకే నొప్పి ఎక్కడుందో తెలిసింది. కరెంటు పనికి వెళ్లాడు కనుకే కిటుకు కంటబడింది. కూలి పని సొంత పనికి అడ్డు రాలేదు. రెండూ ఒకదానికొకటి దారి చూపాయి.

కొలువులో ఉంటూనే కెమెరా

ఇది ఈనాటి సంగతేనా అంటే, కాదు. నూట యాభై ఏళ్ల కిందటి మాట ఒకటుంది. నిజాముల కాలపు హైదరాబాద్ ఎలా ఉండేదో ఈరోజు ఫొటోల్లో చూడగలుగుతున్నామంటే అందులో పెద్ద పాలు రాజా దీన్‌దయాళ్‌ది. 1844లో ఉత్తరాదిన సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో సర్కారు పనుల శాఖలో నక్షాలు గీసే కొలువులో చేరాడు. 1874లో సొంత సరదా కొద్దీ కెమెరా పట్టాడు. కొలువు మానలేదు. పదేళ్లపాటు కోటలు, గుళ్లు, దొరలు, రాజులు.. వీలున్నప్పుడల్లా తీస్తూ వచ్చాడు. పేరు వచ్చాక కూడా తొందరపడలేదు. రెండేళ్లు సెలవు పెట్టి తన ఫొటోల వరుస పూర్తిచేసుకున్నాడు. ఆ తర్వాతే కొలువు నుంచి తప్పుకున్నాడు. ఆరో నిజాం ఆయనను ఆస్థాన ఫొటోగ్రాఫరును చేసి, ‘రాజా’ బిరుదునిచ్చాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో వెలసింది. 1905లో చనిపోయేనాటికి ఆయన తీసిన ఫొటోలు ఒక కాలానికి దస్తావేజులయ్యాయి.

నక్షాలు గీసినవాడి కన్ను కట్టడాన్ని ఎక్కడ నిలబడి చూడాలో ఎరుగును. కొలువులో నేర్చింది కెమెరాకు పనికొచ్చింది.

చూసిన ఊరే పెట్టుబడి

తోట వైకుంఠం పేరు వినని వారుండవచ్చు. ఆయన బొమ్మలు చూడని వారు తక్కువ. పెద్ద బొట్టు, నిండు రంగుల చీర, ముక్కుపుడక, నిబ్బరమైన చూపు.. ఆ తెలంగాణ పల్లె ఆడవాళ్లు ఆయన కుంచెలోనివారే. 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టాడు. హైదరాబాద్‌లోనూ, బరోడాలోనూ చిత్రకళ చదివాడు. అంత చదివినా గీయడానికి ఎంచుకున్నది మాత్రం చిన్నప్పుడు ఊళ్లో చూసిన ఆడవాళ్లనే. బి. నరసింగరావు 1988లో గడీల కాలపు కథతో ‘దాసి’ సినిమా తీసినప్పుడు, కళా దర్శకత్వం వైకుంఠానికి అప్పగించాడు. దానికి జాతీయ అవార్డు వచ్చింది. సినిమా పని అడిగినవాళ్లు ఇచ్చింది. దానికి కావలసిన సరుకు మాత్రం ఏళ్ల తరబడి సొంతానికి పోగుచేసుకున్నది.

బాపు సంగతీ అంతే. లా చదివాడు, పత్రికలకు బొమ్మలు వేశాడు, 1967లో ‘సాక్షి’తో సినిమా దర్శకుడయ్యాడు. అయినా బొమ్మలు గీయడం మానలేదు. 2014లో కన్నుమూసేదాకా కుంచె చేతిలోనే ఉంది. ఆయన చేతిరాత ఎంత ముద్దుగా ఉండేదంటే, అదే అచ్చులో ఒక అక్షరాల వరుసగా మారింది. ఈరోజు శుభలేఖల మీద ఆ అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి.

కంపెనీలూ ఒప్పుకున్నాయి

అమెరికాలో త్రీఎం అనే పెద్ద కంపెనీ ఉంది. అక్కడి సాంకేతిక ఉద్యోగులు తమ పని వేళలో 15 శాతం సొంత ఆలోచనలకు వాడుకోవచ్చునన్నది పాత ఆనవాయితీ. 1968లో ఆ కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ ఒక జిగురు చేశాడు. అది గట్టిగా అంటదు, ఇట్టే ఊడొస్తుంది. ఎందుకూ పనికిరాదని పక్కన పెట్టారు. ఆర్ట్ ఫ్రై అనే మరో ఉద్యోగి చర్చిలో పాటలు పాడేవాడు. పాటల పుస్తకంలో గుర్తుకు పెట్టుకున్న చీటీలు పాడుతుండగానే జారిపోయేవి. 1974లో ఆయనకు ఆ జిగురు గుర్తొచ్చింది. అలా పుట్టినవే ఆఫీసుల్లో కాగితాలకు అంటించే పసుపు పచ్చ చీటీలు. 1980 నుంచి అమెరికా అంతటా అమ్మకానికి వచ్చాయి. లాభం లెక్క చూసే కంపెనీయే మనిషికి కొంత సొంత వేళ వదిలిందంటే, అందులో ఏదో మేలుందనే కదా!

ఏమిటా మేలు?

సొంత పనిలో తప్పు చేయవచ్చు. సేటు దారం పాడైతే కూలి కోస్తాడు. మిగిలిన దారంతో తానే కొత్త డిజైను కట్టి చూస్తే, చెడినా పోయేది ఒక సాయంత్రం. తప్పు చేసే వీలు లేనిచోట కొత్తది పుట్టదు.

రెండోది, సొంత పని మనిషికి చిరునామా ఇస్తుంది. కూలికి నేసిన చీర మీద దుకాణం పేరుంటుంది. సొంతంగా కట్టిన డిజైను మీద నేసినవాడి ముద్ర ఉంటుంది. పుట్టపాకనే చూడండి. నూనె, ఆముదం కాయల బూడిద కలిపి వారాల తరబడి దారాన్ని నానబెట్టి చేసే తేలియా రుమాలు ఒకనాడు అరబ్బు దేశాలకు పోయేది. ఆ బేరం తగ్గినా అక్కడి నేతగాళ్లు విద్యను విడవలేదు. గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. బేరం లేని రోజుల్లోనూ చేతిలో నిలుపుకున్న విద్యే ఊరికి పేరు తెచ్చింది.

మూడోది, సంత తలకిందులైనప్పుడు నిలబడటానికి మరో కాలు ఉంటుంది. వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు, నేడు సరదాగా చేసింది రేపు అన్నం పెట్టవచ్చు. పెట్టకపోయినా, రోజంతా ఇంకొకరి మాట విన్నవాడికి తన మాట తాను వినే గంట ఒకటి దక్కుతుంది.

తొందరపడితే నష్టం

అయితే జాగ్రత్తలూ ఉన్నాయి. మల్లేశం కథ చివర పద్మశ్రీ ఉంది కనుక అందరూ మెచ్చుకుంటారు. మధ్యలో ఏడేళ్ల కష్టముంది. ఇల్లు గడవక ఊరు విడవాల్సి వచ్చిందన్నది మరవకూడదు. సొంత పని మీద మోజుతో ఉన్న పని మానుకోవడం, వడ్డీకి తెచ్చి పెట్టుబడి పెట్టడం మంచిది కాదు. దీన్‌దయాళ్ దారి మేలు. కొలువులో ఉంటూ పదేళ్లు నేర్చి, అది కూడు పెడుతుందని తేలాకే అడుగు మార్చాడు.

అలాగే సేటు సరుకు, యజమాని పనిముట్టు చెప్పకుండా వాడుకుంటే మాట వస్తుంది. అడిగి వాడుకోవాలి. వారంలో ఒక పూట చాలు. కొత్త డిజైను పుట్టినప్పుడు కాగితం మీద గీసి, తారీఖు వేసి దాచుకోవాలి. నలుగురికీ చూపాలి. మంచి యంత్రమో పనిముట్టో తయారైతే పల్లె సృజన వంటి సంస్థలను కలవాలి.

పెద్దలు చేయాల్సిందీ ఉంది. మగ్గం దిగిన కొడుకు ఏదో చెక్కుతూ కూర్చుంటే, కుట్టుపని అయ్యాక కూతురు కాగితం మీద పూలు గీస్తుంటే, పనికిమాలిన పని అని కసరకుండా ఉంటే చాలు. షార్జీపేటలోనూ అది పనికిమాలిన పనే అన్నారు. ఆ పని వల్లే నేడు ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు భుజం నొప్పి లేకుండా నిద్రపోతున్నారు.

ఉప్పల్‌లోనో, ఎల్‌బీ నగర్‌లోనో బస్సు దిగే నేతగాడి మూటలో పది చీరలు సేటు చెప్పినవే కావచ్చు. పదకొండోది తన బుర్రలో పుట్టినదైతే, ఆ మూట బరువు కాస్త తేలికగా ఉంటుంది.