దీపాల బిల్లు 32 రూపాయలు. జాగ్రత్తంతా తీగ దగ్గరే

డిసెంబరు చివరి వారంలో శ్రీకూర్మంలో సాయంత్రం 5.25కల్లా పొద్దు గుంకుతుంది. మళ్లీ సూర్యుడు కనిపించేది ఉదయం 6.20 దాటాకే. దాదాపు 13 గంటల చీకటి. ఏడాదిలో ఇంతకంటే పొడుగు రాత్రులు లేవు, దీపాలు నిండుగా కనిపించే కాలమూ ఇదే. కూర్మనాథుడి ఊరు కాబట్టి ఇక్కడ దీపాలంటే ముందుగా కార్తీకం, ఫాల్గుణంలో డోలోత్సవం గుర్తొస్తాయి. అయితే ఈ చుట్టుపక్కలా, శ్రీకాకుళం పట్నంలోనూ సెమీ క్రిస్మస్‌లు మొదలయ్యాయంటే క్రైస్తవుల డాబాల మీద స్టార్లు వెలుగుతాయి. పిట్టగోడలకు సీరియల్ సెట్లు వేలాడతాయి. పండగ ఏదైనా కరెంటు లెక్క ఒకటే.

నెలకు 100 యూనిట్లు వాడే ఇల్లు తీసుకుందాం. 8 వాట్ల ఎల్ఈడీ సెట్లు ఐదు కడితే మొత్తం 40 వాట్లు. రోజుకు 6 గంటల చొప్పున 30 రోజులు వెలిగిస్తే 7.2 యూనిట్లు కాలతాయి. 2022 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో అమల్లోకి వచ్చిన శ్లాబుల్లో 76 నుంచి 125 యూనిట్ల మధ్య ధర యూనిట్‌కు 4.50 రూపాయలు. అంటే నెలంతటికీ 32.40. సుంకం, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం.

అదే ముచ్చట పాత జీరో బల్బులతో తీర్చుకుంటే? పేరుకే జీరో, ఒక్కోటి 15 వాట్ల దాకా లాగుతుంది. వంద బల్బుల తోరణానికి 1,500 వాట్లు, నెలకు 270 యూనిట్లు. ఇంటి వాడకం 370కి చేరుతుంది, 225 దాటిన ప్రతి యూనిట్‌కూ 8.75 కట్టాలి. మామూలుగా 304.50 వచ్చే బిల్లు 2,285.75 అవుతుంది. ఒకప్పుడు ఇంటి ముందు దీపాల తోరణం ఉన్నవాళ్ల వేడుకగానే ఉండిపోయిందంటే కారణం ఇదే.

పాత బల్బుల నుంచి ఎల్ఈడీలకు వచ్చిన మార్పులో మన జిల్లాకు ముందు వరుసలోనే చోటు దక్కింది. 2014-15లో రాష్ట్రంలో ఎల్ఈడీ బల్బుల పంపిణీకి తొలివిడతగా ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పాత బల్బులు రెండు ఇస్తే 7 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు, ఒక్కోటి 10 రూపాయలకే ఇచ్చారు. ఆ తర్వాత సీరియల్ సెట్లూ ఎల్ఈడీకి మారిపోయాయి.

బిల్లు భయం పోయింది, మంచిదే. దాంతోపాటు కరెంటు భయం కూడా పోవడమే నన్ను కలవరపెడుతోంది.

ఒక్కో ఎల్ఈడీకి కావలసింది 3 వోల్టులే. కానీ చవక సెట్లో వాటిని పదుల సంఖ్యలో వరుసగా కలిపి, నేరుగా 230 వోల్టుల ప్లగ్గుకు తగిలిస్తారు. చిన్న దీపమే కదా అని తడి చేత్తో ముట్టుకుంటే తగిలేది 3 వోల్టులు కాదు, ఇంటి కరెంటే. ఏదైనా పాత సెట్టు దించి అతుకు దగ్గర చూడండి. టేపు అంచు లేచి, జిగురు నల్లబడి ఉంటుంది. లోపల రాగి పోగులు ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటాయి. తీరంలోని శ్రీకూర్మం మత్స్యలేశం వైపు నుంచి వీచే ఉప్పుగాలికి, రాత్రి కురిసే మంచుకు రాగి తట్టుకోలేదు. ఆ అతుకును ఇనప గేటుకో, పై అంతస్తు కోసం వదిలిన పిల్లర్ చువ్వలకో చుట్టామంటే గేటంతా కరెంటు పాకే వీలుంది.

ఎంసీబీ ఉందిగా అంటారు చాలామంది. 16 ఆంపియర్ల ఎంసీబీ వైరును కాపాడటానికి పెట్టింది, మనిషిని కాదు. ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లు పారినా ప్రాణం మీదికొస్తుంది. 16 ఆంపియర్లంటే దానికి 500 రెట్లకు పైమాటే. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే కరెంటు ఆపేది ఆర్‌సీసీబీ. దీపాల మీద మిగిలిన డబ్బు పెట్టాల్సింది దాని మీదే. కొత్త సెట్టు కొనేటప్పుడు అడాప్టరుతో 12 లేదా 24 వోల్టుల మీద నడిచేది అడగండి. ఆరుబయట కట్టడానికి పెట్టె మీద, దుమ్మూ నీరూ ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీ 65 అని ఉండాలి, కనీసం ఐపీ 44. ఐపీ 20 ఇంట్లోకే.

ఇక స్టారు. దీని పుట్టుక జర్మనీలో. 1830ల్లో నీస్కీ ఊళ్లోని మొరేవియన్ క్రైస్తవుల బడిలో పిల్లలకు జ్యామితి నేర్పడానికి కాగితంతో చేయించిన నక్షత్రం అది. మన దగ్గర వెదురు గెడ చివర ఎక్కింది. లోపల 60 వాట్ల బల్బు వేసి రాత్రంతా, అంటే 12 గంటలు ఉంచితే నెలకు 21.6 యూనిట్లు. 9 వాట్ల ఎల్ఈడీతో 3.24. పాత బల్బు వేడికి కాగితం అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

గెడ ఎత్తే ముందు ఒక్కసారి తల పైకెత్తి చూడండి. 11 కేవీ లైనుకు, ఇంటికి మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్లు ఖాళీ ఉండాలన్నది నిబంధన. పచ్చి వెదురులో కరెంటు పారుతుంది. లైను దగ్గరగా ఉంటే స్టారును వాకిట్లోనే కట్టండి. తీగ తెగి వేలాడుతుంటే ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేయండి.