బొర్రా గుహలు

మా తణుకు గోస్తనీ తీరమున నున్నది. మా యేటి పేరే గల మరియొక నది అనంతగిరి కొండలలో బుట్టి, బొర్రా గుహలగుండ బాఱి, భీమునిపట్టణమువద్ద సముద్రమున గలియుచున్నది. విశాఖపట్టణమునుండి కిరండూలు పోవు రైలులో సొరంగములు దాటి, సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్న ఆ గుహలకు చేరవచ్చును.

లోపల కప్పునుండి వ్రేలాడు రాతి పొదుగులను జూచినవారికి గోస్తని యను పేరు వివరింప నక్కరలేదు. పైనున్న రంధ్రమున ఆవు పడగా, వెదుకవచ్చిన కాపరి గుహను గనుగొనెనని స్థలపురాణము.

వాననీరు గాలిలోను, ఆకులు కుళ్ళిన మంటిలోను బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సున్నపురాతి నెఱ్ఱెలలో దూరి రాతిని కరగించును. నెఱ్ఱె క్రమముగా గుహ యగును. అట్టి నీటిబొట్టే కప్పున వ్రేలాడుచు ఆ వాయువును విడిచినపుడు, తెచ్చిన సున్నములో కొంత అచ్చటనే పేరుకొనును. నేలపై బడిన బొట్టు క్రిందినుండి మఱియొక శిల నెత్తును. రెండును గలిసిన స్తంభము. కొంత సున్నము నదితో సముద్రమునకు బోవును. శంఖములును గవ్వలును తమ చిప్పలను గట్టుకొనునది అట్టి సున్నముతోనే. తాంబూలమున మనము వేసికొను గుల్లసున్నమును అదియే.

1807లో భూగర్భశాఖకు జెందిన దొర యొకడు ఈ గుహలను గనుగొనెనని వ్రాయుదురు. ఆ శాఖ పుట్టినదే 1851లో! ఈ లెక్క నాకు కుదురుట లేదు. 1990 దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మానవశాస్త్రజ్ఞులు 30 మొదలు 50 వేల యేండ్ల నాటి రాతి పనిముట్లను అందు గనుగొనిరి. మొదట కనుగొన్నవారు వారే యనవలెను.

ఇక నా తప్పు చెప్పవలసియున్నది. నలువది యేండ్ల క్రిందట, క్రొత్తగా ఉపాధ్యాయుడనై పిల్లలతో బోయినపుడు, తరగతిలో జూపుటకని బొటనవ్రేలంత కొన నొకదానిని విఱిచి జేబులో వేసికొంటిని. “ఇది పెరుగుటకు ఎన్నేండ్లు పట్టినదండీ మాస్టారూ?” అని ఒక బాలిక యడిగినది. నాకు బదులు రాలేదు. పిమ్మట చదివి తెలిసికొంటిని. ఇట్టివి సాధారణముగా ఏటికి మిల్లీమీటరులో పదియవ వంతు పెరుగును. అనగా శ్రీనాథుడు రాజమహేంద్రవరమున నున్న కాలమునకు అటునిటుగా మొదలైన దానిని నేను ఒక్క క్షణమున ద్రుంచితిని!

విఱుచుటయే కాదు, తాకుటయు హానియే. చేతి జిడ్డంటిన చోట సున్నము సరిగా పట్టదు, రాయి నల్లబడును. చూడబోవు పిల్లల కీ మాట ముందుగా ఇంటియొద్దనే చెప్పుడు.

ఆ ముక్క నేటికిని నా బల్ల సొరుగులో నున్నది. అడిగినవారికి జూపుదును, ఎట్లు వచ్చినదియు జెప్పుదును.