కుక్క కుంటుతోందా? కాలు చూడండి

కుక్క ఇంటికి కాపలా. మేకల మందకు తోడు. పొద్దంతా ముళ్లల్లో, రాళ్లల్లో తిరుగుతుంది. ఒక్కో రోజు ఒక కాలు ఎత్తి పట్టుకుని, మూడు కాళ్ల మీద ఇంటికి వస్తుంది. చూస్తే కాలు వాచి ఉంటుంది.

"ఏం కాదులే, అదే తగ్గుద్ది" అంటారు కొందరు. ఇంట్లో ఉన్న నొప్పుల మాత్ర అన్నంలో కలిపి పెడతారు ఇంకొందరు. రెండూ మంచివి కావు. కుంటడం జబ్బు కాదు. జబ్బుకు గుర్తు. కాలు ఎందుకు వాచిందో ముందు తెలుసుకోవాలి.

ముట్టుకునే ముందు

నొప్పితో ఉన్న కుక్క పెంచిన వాళ్లనే కరుస్తుంది. దానికి అలవాటైన మనిషే పట్టుకోవాలి. మెత్తని గుడ్డతో మూతి కట్టాలి. ముక్కు మూయకూడదు. కుక్క వాంతి చేసుకుంటున్నా, రొప్పుతున్నా మూతి కట్టకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

కొన్ని కుక్కలకు చొంగ కారుతుంది. దవడ జారిపోతుంది. నీళ్లు మింగలేవు. కాళ్లు ఈడుస్తూ నడుస్తాయి. అలాంటి కుక్కను ముట్టుకోవద్దు. అది పిచ్చి కుక్క కావచ్చు. ఈ జబ్బునే రేబీస్ అంటారు. గొంతులో ఎముక ఇరుక్కుందేమో అని నోట్లో చెయ్యి పెట్టవద్దు.

ఏ కాలు నొప్పి?

కుక్కను మెల్లగా నడిపించండి. ముందు కాలు నొప్పి అయితే, ఆ కాలు నేలకు మోపినప్పుడు తల పైకెత్తుతుంది. మంచి కాలు మోపినప్పుడు తల దించుతుంది. వెనక కాలు నొప్పి అయితే దాని మీద బరువు వేయదు.

కుక్క ఒళ్లు మన ఒంటి కంటే కొంచెం వేడిగానే ఉంటుంది. వేడి తగలగానే జ్వరం అనుకోకూడదు. వాచిన కాలును, బాగున్న కాలును రెండింటినీ తాకి చూడాలి. తేడా తెలుస్తుంది.

ఎందుకు వాస్తుంది?

ముల్లు, గాజు పెంకు: పాదం కింద, వేళ్ల సందుల్లో చూడండి.

దారం, వైరు: కాలికి చుట్టుకుంటే దాని కింది భాగం వాస్తుంది. వాపులో దారం కనబడదు. వెంట్రుకలు పక్కకు తీసి వెతకాలి.

కుక్కల కొట్లాట: పైకి చిన్న గాటే కనిపిస్తుంది. రెండు మూడు రోజులకు లోపల చీము పడుతుంది.

బండి దెబ్బ: ఎముక విరిగితే కాలు వేలాడుతుంది. లాగి సరిచేయవద్దు. చెక్క మీద పడుకోబెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పాము కాటు: వాపు త్వరగా పైకి పాకుతుంది. రక్తపింజర కరిస్తే రక్తం కూడా కారవచ్చు. కాటును కోయవద్దు. గట్టిగా కట్టు కట్టవద్దు. నడిపించకుండా ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పోవాలి. ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది.

గోమార్లు: వీటినే పిడుదులు అని కూడా అంటారు. ఇవి రక్తం తాగి జ్వరం అంటిస్తాయి. కుక్క తిండి మానేస్తుంది. కీళ్లు వాస్తాయి. ఈరోజు ఒక కాలు కుంటితే, రేపు ఇంకో కాలు కుంటవచ్చు. ముక్కు నుండి రక్తం రావచ్చు. దీనికి మందు ఉంది. డాక్టరుకు చూపించాలి.

దెబ్బ ఏమీ లేకుండా నాలుగు కాళ్లూ వాస్తే గుండె జబ్బో, మూత్రపిండాల జబ్బో కావచ్చు. ముసలి కుక్కకు ఎముక మీద గట్టి వాపు వస్తే అది గడ్డ కావచ్చు. ఇవి ఇంటి వైద్యంతో పోవు.

ఇంట్లో ఏం చేయాలి?

అర లీటరు నీళ్లు మరిగించి చల్లార్చండి. ఒక చెంచా ఉప్పు కలపండి. ఆ నీళ్లతో పుండు కడగండి. పైకి కనబడే ముల్లును తీయవచ్చు. లోతుగా దిగితే కెలకవద్దు. దెబ్బ తగిలిన రోజు చల్లటి తడిగుడ్డ పది నిమిషాలు వేయండి. కుక్కను తిరగనీయకుండా నీడన కట్టేయండి.

ఏం చేయకూడదు?

మనుషుల నొప్పి మాత్రలు వేయకూడదు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మనకు మందులు. కుక్కకు విషం కావచ్చు. కడుపులో పుండ్లు పడతాయి. కాలేయం, మూత్రపిండాలు చెడిపోతాయి.

కిరోసిన్, ఫినాయిల్ పోయకూడదు. కుక్క పుండును నాకుతుంది. పుండు మీద పోసింది దాని కడుపులోకి పోతుంది. వాతలు పెట్టకూడదు. వాత ఇంకో పుండు అవుతుంది.

ఒక రోజు గడిచినా కాలు మోపకపోతే పశువుల డాక్టరుకు చూపించాలి. పశువుల అంబులెన్సు కోసం 1962 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.

కుక్క కరిస్తే

చిన్న గీటు పడినా తేలికగా తీసుకోవద్దు. వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసరు, కారం, సున్నం పెట్టవద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి. డాక్టరు చెప్పిన రోజుల్లో అన్ని సూదులూ పూర్తి చేయాలి. రేబీస్ గుర్తులు కనిపించాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. ముందే టీకా వేయించుకుంటే ఆ జబ్బు రాదు.

కుక్కకూ టీకా ఉంది. పిల్లకు మూడు నెలలు నిండాక మొదటి టీకా వేయిస్తారు. తర్వాత డాక్టరు చెప్పినట్టు ప్రతి ఏటా వేయించాలి. టీకా వేసిన తేదీ కాగితం మీద రాసి గోడకు అంటించండి. మళ్లీ ఎప్పుడు వేయించాలో ఇంట్లో అందరూ చదువుకోవచ్చు.